భూమవ్వ అతికిన రీలు

తెల్లవారగానే భూమవ్వ వాకిలి ఊడ్చి, పొయ్యిలోంచి ఇంత బూడిద మూకుట్లోకి తీసుకొని మగ్గం ముందు కూర్చునేది. మెట్‌పల్లి పద్మశాలివాడలో ఎవరి మగ్గం మీద పడుగు అయిపోయినా కొత్తది అతకడానికి ఆమెకే కబురొచ్చేది. నేతగాళ్లు మగ్గాన్ని బోడిగా వదలరు. పాత పడుగును జానెడు మిగిల్చి, దాని ఒక్కో పోగుకు కొత్త పోగును కలిపి, బూడిద వేళ్లతో మెలిపెడతారు. భూమవ్వ అతికిన చోటు ఎక్కడుందో ఆమె మొగుడికి కూడా కనపడేది కాదు. అలాగని ఆయన వెతకని రోజూ లేదు.

ఆమె కొడుకు రామచంద్రం పోలీసు చర్య జరిగిన ఏడాది బొంబాయి మిల్లుకు పోయాడు. ఎనిమిది నెలలు తిరక్కుండానే మిల్లు మానేసి, ఓ సినిమా స్టూడియోలో రీళ్లు అతికే గది ఊడవడానికి కుదిరాడు. ఊడుస్తూ అతకడం నేర్చుకున్నాడు, కెమెరా పెట్టె మోస్తూ తీయడం నేర్చుకున్నాడు. ఏడేళ్లకు ఓ పాత కెమెరా భుజాన వేసుకొని ఇంటికొస్తే వాడంతా చూడటానికి వచ్చింది. తీయబోయే సినిమాలో రాజెవరు, రాణి ఎవరు అని అడిగారు.

“మీరే,” అన్నాడు రామచంద్రం.

“మాకు పాటలు రావు గదరా,” అన్నాడు పక్కింటి అంతయ్య, నిజంగానే పరేషానై.

పాటలు అక్కర్లేకపోయాయి. రామచంద్రం తీసింది మూగ సినిమా. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టడం, గుంత మగ్గంలో దిగిన అంతయ్య వంగిన వీపు, దగ్గుతూనే పడుగు మధ్య నాడె అటూ ఇటూ విసరడం, అంతా అందులో ఉంది. ఊరూరా తెర కట్టి, పక్కన నిలబడి కథ తానే చెప్పేవాడు. అంత చాకిరికి అంత తక్కువ కూలి ఏం న్యాయమని అడిగేవాడు. కోరుట్లలో ఆ సినిమా చూశాక నేతగాళ్లు ఒక్క మాట మీద నిలబడి కూలి పెంచుకున్నారు. భూమవ్వ ఆ వారమంతా పనున్నా లేకున్నా బజారుకు పోయి వచ్చింది.

రెండో సినిమా బోథ్ పత్తిచేలలో కూలికి పత్తి ఏరే ఆడవాళ్ల మీద తీశాడు. బొంబాయిలో రీళ్లు కడిగించుకొచ్చి, ఇంట్లో విడిగా చుట్టిపెడుతుంటే అవ్వ చూసింది.

“గిదేందిరా? పాతదానికి అతకవా?”

“రెండు వేర్వేరు సినిమాలే అవ్వా. అతకద్దు.”

“వేరేదైతే ఏంది? నూలు వేరైనా మగ్గం ఒక్కటే గద. బోడిగ ఇడుస్తరా ఎవలన్న? ఇటు తే.”

స్టూడియోలో ఎంత నేర్చినా అవ్వ ముందు చెల్లలేదు. భూమవ్వ వేళ్లకు బూడిద అద్దుకొని, కొడుకిచ్చిన జిగురుతో పాత సినిమా చివరకు కొత్త సినిమా మొదలు అతికింది. అప్పటినుంచి రెండోది చూడాలంటే మొదటిది చూడక తప్పేది కాదు.

తెర మీద వేసిన మొదటి రోజే అంతయ్య తన మగ్గం గుంతలోంచి లేచి, అతుకు దాటి, బోథ్ చేలోకి నడిచిపోయాడు. పత్తికాయ ఒకటి వేళ్లతో విడదీసి చూసి, దూదిని చెంపకు ఆనించుకున్నాడు. జనంలో కూర్చున్న అసలు అంతయ్య మెడ చాచి చూశాడు. ఆయన భార్య బాలవ్వ మోచేత్తో పొడిచింది.

“నాకు చెప్పకుంటనే బోథ్ పోయినవా?”

“నూలు యాడికెళ్లి వస్తదో సూడద్దానె?” అన్నాడు అంతయ్య.

అందరికీ సబబుగానే తోచింది. చూసొచ్చిన తెర మీది అంతయ్య మర్నాటికల్లా మళ్లీ మగ్గంలోనే ఉండేవాడు, బట్ట ఒప్పచెప్పాలి కదా. రామచంద్రం మాత్రం కథ చెప్పేటప్పుడు ఆయన దాటేదాకా ఆగడం అలవాటు చేసుకున్నాడు.

బోథ్ సినిమా చివర్లో ఓ కూలిమనిషి ఉంటుంది. పేరు కనకవ్వ. ఆమెను తీసేటప్పుడు రామచంద్రం ఊరికే అడిగాడు, మీ ఇంటాయన ఏం చేస్తాడని.

“ఆసిఫాబాద్ దిక్కు ఓ దొర దగ్గర జీతముంటడన్నా. నేను కాన్పుకని అవ్వగారింటికొచ్చిన. పిల్ల పుట్టినంక తోలుకపోను ఆయన రావాలె గద? దొర పంపలే. ఐదేండ్లాయె. వాళ్ల గడిల చాకిరికి నేను పోను, ఆయన్ని వాళ్లు ఇడువరు.” పక్కన పత్తికుప్ప మీద ఆడుకుంటున్న పిల్లను చూపించింది. “ఇది బాపు మొకమే ఎరుగదు.”

ఆ మాటే రామచంద్రంతో మూడో సినిమా తీయించింది. ఆసిఫాబాద్ అవతల ఆ ఊరు వెతుక్కుంటూ పోయాడు. జీతగాళ్ల మీద సినిమా అంటే దొర ఊళ్లో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. “మీ గడి తీస్తానండీ, ముందుగా అదే కనపడుతుంది,” అన్నాడు రామచంద్రం. దొర మీసం దువ్వుకొని, కోటలాంటి ఆ గడికి సున్నం కూడా వేయించాడు.

గడి తీసిన చేత్తోనే పొలం వెనక మోటబావి దగ్గర కనకవ్వ మొగుడు మొండయ్యను తీశాడు. మనిషి నలభైకి ముందే ముసలివాడయ్యాడు. ఎనిమిదేళ్ల వయసులో పట్టుకున్న మోటతాడు ఇంకా వదల్లేదు. రెండుసార్లు పారిపోబోతే రెండుసార్లూ పొలిమేరలోనే పట్టుకొచ్చారు.

“మల్ల పోబుద్ధి కాలేదా?” అని అడిగాడు రామచంద్రం.

మొండయ్య ఎద్దు వీపు నిమిరాడు. “పోవుడంటే ఎట్లుంటదో మర్సిపోయిన అన్నా.”

ఇంటికొచ్చి రీలు అతికేటప్పుడు భూమవ్వ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. బోథ్ సినిమా చివర కనకవ్వ ఉంది. కొత్త సినిమా మొదట్లో గడి ఉంది, మోటబావి ఎక్కడో వెనక ఉంది.

“గడి ఎన్కకు పెట్టు. మోట ముందర పెట్టు.”

“దొరకు మాటిచ్చిన అవ్వా. ముందుగాల గడి కనవడకుంటే మిషిన్ పలగ్గొట్టిస్తడు.”

“గంత పెద్ద గోడ అడ్డం పెడితే పిల్లను సంకనేస్కొని గా పోరి ఎట్ల దాటుతదిరా?” అంది భూమవ్వ. “మిషిన్ పోతే మల్ల కొనుక్కుందువు.”

రామచంద్రం కత్తెర అవ్వ చేతికిచ్చాడు.

రామచంద్రం రీళ్లు తీసుకొని దొర ఊరికి పోయిన రోజు పొద్దుగూకగానే గడి ముందు తెర కట్టారు. దొర అందరికంటే ముందు కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. ఊరంతా ఆయన వెనక నేల మీద కూర్చుంది. జీతగాళ్లు మరీ వెనక, ఎడ్లబండ్ల దగ్గర. మొండయ్య పక్కన ముసలి పోశవ్వ కాళ్లు చాపుకొని ఉంది. చిన్న ఇంజను దడదడమంది, తెర వెలిగింది. అంతయ్య మగ్గం అయింది. బోథ్ చేలు వచ్చాయి. గడి ఎప్పుడొస్తుందని దొర రెండుసార్లు అడిగాడు.

కనకవ్వ సాలు చివరికొచ్చింది. ఒడిలోని పత్తి గంపలో దులిపి, కొంగు నడుముకు చుట్టి, పిల్లను చంకనెత్తుకొని అతుకు దాటింది. దాటగానే మోటబావి.

రామచంద్రం కథ చెప్పడం ఆపేశాడు. తెర మీది మొండయ్య మోటతాడు చేతిలో ఉండగానే వాళ్లను చూశాడు. చూస్తూనే తాడు వదిలేశాడు. తోలుబొక్కెన బావిలోకి జారిపోయింది, ఎద్దులు నిలబడ్డాయి. అతను అరచేతులు ధోవతికి తుడుచుకొని చేతులు చాపాడు. పిల్ల కొత్త చేసి తల్లి మెడ పట్టుకుంది. అతను చేతులు అలాగే ఉంచాడు. కాసేపటికి పిల్ల తల్లి మెడ వదిలి అతని మీదికి వాలింది. చూస్తున్న ఆడవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. రామచంద్రానికీ కళ్లు నిండాయి, అయినా మిషిన్ మీంచి చెయ్యి తీయలేదు.

ముగ్గురూ చేను గట్టు మీదుగా నడక మొదలుపెట్టారు.

దొర లేచి నిలబడ్డాడు. “అరేయ్ మొండిగా! ఎటు పోతున్నవ్‌రా? ఆగు!”

తెర మీది మొండయ్య ఆగలేదు. పిల్ల అతని భుజం మీంచి దొరను చూసింది, అంతే. దొర తెర దగ్గరికంటా పోయి కర్ర ఊపుతూ తిట్టాడు. మోట ఎవడు కొడతాడురా అన్నాడు, కాళ్లు విరగ్గొడతానన్నాడు. దొర మనుషులు కూడా ఆయన వెనకే తెర దగ్గరికి పరుగెత్తారు, ఎవరిని పట్టుకోవాలో తెలియకపోయినా.

బండ్ల దగ్గర అసలు మొండయ్య, తెర మీద తాను గట్టు దాటి చివరికంటా పోవడం చూశాడు. ఎవరూ పట్టుకోలేదు. పోవడమంటే ఎట్లుంటుందో కళ్లారా చూశాక లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. పోశవ్వ చాపిన కాళ్లు ముడుచుకొని దారిచ్చింది.

“జర పైలం, కొడుకా.”

దొర ఇంకా తెరను తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు వినపడుతుండగానే మొండయ్య పొలిమేర దాటాడు.

మర్నాడు వెతకమంటే దొర మనుషులు నీళ్లు నమిలారు. “యాడ దేవులాడాలె దొరా? ఊరందరి ముందట పెండ్లాంబిడ్డల తోటి పోయిండు. మీరు పిలిస్తెనే రాలే, మేం పిలిస్తె వస్తడా?” అన్నారు. ఒకడు ఉండబట్టలేక రీళ్ల పెట్టె మూత కూడా తీసి చూశాడు. దొర ఎక్కువ గట్టిగా అనలేకపోయాడు, తనూ చూశాడాయె. ఉట్నూరు అడవి దారిన నడిచి నడిచి ఐదో రోజు మొండయ్య బోథ్‌లో కనకవ్వ వాకిట్లో నిలబడ్డాడు.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి రామచంద్రానికి పిలుపొచ్చింది. సినిమా నచ్చితే సర్కారు ఖర్చుతో అన్ని జిల్లాల్లో చూపిస్తారట. కొడుకు పేరు రాజధాని దాకా పోయిందని భూమవ్వ వాడంతా బెల్లం పంచింది. అంతయ్య తనను కూడా పిలిచినట్టే తలకు నూనె రాసుకొని తిరిగాడు.

ఆఫీసులో అధికారి చీకటిగదిలో సినిమా అంతా చూశాడు. అంతయ్య బోథ్‌కు పోయి రావడం మీద ఆయనకేం అభ్యంతరం లేదు. మోటబావి రాగానే ముందుకు వంగాడు. ఎద్దులు నిలబడి నెమరేస్తున్నాయి, తాడు గాలికి ఊగుతోంది. తర్వాత గడి, మళ్లీ గడి, అయిపోయింది.

“ఏమండీ,” అన్నాడు అధికారి లైటు వేయించి, “జీతగాడి మీద సినిమా అన్నారు. ఇందులో జీతగాడేడండీ?”

రామచంద్రం లేచి నిలబడ్డాడు. పదమూడేళ్లుగా రీళ్లు మోసిన భుజాలు ఆ పూట నిటారుగా ఉన్నాయి.

“లేడు సార్,” అన్నాడు. “ఇంటికి పోయిండు.”