నాయనమ్మ గదికి సాటను

అద్దెకు చూసొచ్చిన ఇంటి ఓనరు బుల్లబ్బాయి గారి వాయిస్ మెసేజ్ వచ్చేసరికి నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద ఉన్నాను. మా పెళ్లయి అప్పటికి నలభై ఒక్క రోజులు. ఫోను చెవికి ఆనించుకున్నాను.

"అమ్మా నవోమీ, మా ఆవిడతో మాట్లాడానండి. రంగులు మీకు నచ్చినట్టే వేయించుకోండి. ఏ గదికి ఏం వేసుకుంటారో మీ ఇష్టం. కానీ ఒక్కటి. గోడల మీద మరకలు గిరకలు పడితే మాత్రం నేను ఊరుకోను. వచ్చేదీ రానిదీ ఒకటో తారీఖులోపు చెప్పేయండి, ఇంకొకళ్లు కూడా అడుగుతున్నారు."

పైకి చేరాక అక్కడే నిలబడిపోయాను. వెనకున్నాయన "జర ముందుకు నడువమ్మా" అన్నాడు. ఆయనకు కూడా వినిపిద్దామనిపించింది. వినిపించలేదు.

గోడలంటే నాకున్న పిచ్చికి కారణం చాలా చిన్నది. పెళ్లికి ముందు మూడేళ్లు అమీర్‌పేటలోనే ఒక లేడీస్ హాస్టల్లో ఉన్నాను. నా మంచం పక్క గోడకు సున్నం కొట్టించారు. ఆనుకుంటే చాలు, వీపుకు అంటేది. మా ఆయన సైలస్ పంజాగుట్టలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. ఒకసారి రక్తపరీక్షకు వెళ్తే, సూది గుచ్చి, దూది పెట్టి, "మేడం, మీ వీపుకు సున్నమైంది" అన్నాడు. అతను నాతో అన్న మొదటి మాట అదే. రెండో మాటకు పది రోజులు పట్టింది. ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది. అతనికి రాదు. ఇంకా మంచి మాట అనాల్సింది అంటాడు.

ప్రస్తుతం మేముండేది ఎర్రమంజిల్‌లో. ఒక గది, ఒక వంటిల్లు. గదిలో సైలస్ వాళ్ల నాయనమ్మ రాజమ్మ పడుకుంటుంది, వంటింట్లో మేమిద్దరం. మా తలల దగ్గర గ్యాస్ సిలిండర్, కాళ్ల దగ్గర బియ్యం డబ్బా. అమీర్‌పేటలో బుల్లబ్బాయి గారి ఇంటికి రెండు పడకగదులున్నాయి. చూసొచ్చిన రోజు నుంచి నాకు ఆ ఇల్లు తప్ప ఇంకేమీ తోచడం లేదు. అయితే సైలస్ పెళ్లికి ముందే ఒక మాట చెప్పాడు: నాయనమ్మ ఎక్కడుంటే నేనక్కడ. అమ్మానాన్నలు పోతే అతన్ని మూడో ఏటి నుంచి పెంచింది ఆమే. అంటే ఆమె వస్తేనే ఆ ఇల్లు. ఆమె వస్తానంది. చీరలు మడిచి ట్రంకు పెట్టెలో సర్దడం కూడా మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బుల్లబ్బాయి గారి మెసేజ్‌ను స్పీకర్‌లో పెట్టాను. సైలస్‌కు ఒకసారి, నాయనమ్మకు ఒకసారి.

"మల్లొకసారి పెట్టు బిడ్డా" అంది నాయనమ్మ.

నా సంతోషంలో పాలు పంచుకుంటోందనుకున్నాను. మూడోసారి పెట్టాను.

ఆదివారం చర్చి అయ్యాక పెయింటర్ నర్సింహులుతో కలిసి పంజాగుట్టలో ఒక రంగుల దుకాణానికి వెళ్లాం. అది నా జీవితంలో మంచి గంటల్లో ఒకటి. షేడ్ కార్డులు విసనకర్రల్లా తెరుచుకుంటాయి. రంగులు వాటిలో చూసుకోవచ్చు, ముందు ఫినిషింగ్ తేల్చమన్నాడు నర్సింహులు. ఆయన ముప్పై ఏళ్లుగా గోడలకు రంగులేస్తున్నాడు. వేలి గోళ్లలో నాలుగు రంగులున్నాయి.

"ఫినిషింగ్ అంటే గోడ ఎంత మెరువాలె అని మేడం. మ్యాట్ ఉంటది, అది మెరువది. గోడల వంకరలన్నీ దాస్తది. కానీ మరక పడ్డదంటే తాగేస్తది, ఇంక వదలది. గ్లాసీ ఉంటది, అద్దం లెక్క. ఎంత తుడిచినా ఫికర్ లేదు. కానీ లప్పం, అదే పుట్టీ, జర ఎత్తుపల్లమైతే వచ్చిపోయేటోళ్లందరికి తెలుస్తది. ఇగ రెంటికి నడిమిది సాటను."

"సాటిన్" అన్నాడు సైలస్.

"అదే అన్న. సాటను."

నాకు నర్సింహులు మాటే నచ్చింది. ఆ రోజంతా సాటను అనే అన్నాను.

పైకప్పులన్నిటికీ మ్యాట్, అందులో వాదన లేదు. వంటింట్లో పోపు చిందుతుంది కాబట్టి గ్లాసీ. హాలుకు సాటను. మా గది దగ్గరికొచ్చేసరికి నర్సింహులు షేడ్ కార్డు లోంచి తలెత్తకుండానే, "కొత్తగ పెళ్లైనోళ్లకు మ్యాటే మంచిగుంటది. లైటు కండ్లల్ల కొట్టది" అన్నాడు. సైలస్ చెవులు ఎర్రబడ్డాయి. మ్యాటే అనుకున్నాం. నాయనమ్మ గది ఒక్కటే తేలలేదు. "మూడూ అడుగు అడుగు కొట్టి పెడ్త, నాల్గు దినాలు ఆరనియ్యుండ్రి, చూస్కోండ్రి" అని నర్సింహులు ఆ మధ్యాహ్నమే వెళ్లి ఆమె గది గోడ మీద మూడు చదరాలు వేశాడు. మూడూ తెలుపే. పక్కపక్కన చూస్తే మాత్రం వేరువేరు తెలుపులు. నేను అటూ ఇటూ నడిచి చాలాసేపు చూశాను.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే చెప్పేశాను. "నాయనమ్మా, హాల్లో సాటను. నీ గదిలో కూడా సాటనే ఉంటే బాగుంటుందనుకుంటున్నా."

ఆమెకు ఎడమ చెవి సరిగా వినపడదు. నేను అటువైపే ఉన్నాను.

"ఎవరుంటే?"

"సాటను!" గట్టిగా అన్నాను.

నాయనమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. కాసేపు నన్ను చూసింది. తర్వాత సైలస్‌ను చూసింది.

"సైలసూ, గీ పిల్ల ఏమంటున్నదిరా? సాతాను ఉన్న ఇంట్ల నేనెట్ల పండుకుంట?"

సైలస్ గోడకు ఆనుకుని జారుతూ కింద కూర్చున్నాడు. నవ్వుతున్నాడు, శబ్దం రావడం లేదు. నేను షేడ్ కార్డు తీసి చూపించి, నర్సింహులు చెప్పినదంతా మళ్లీ చెప్పాను, ఈసారి కుడి చెవి వైపు నుంచి.

"రంగు పేరా?"

"రంగు కాదు నాయనమ్మా, మెరుపు పేరు."

"ఇంక పేరే దొరకలేదా వాళ్లకు?"

"పాస్టరు గారిని పిలిచి పేరు మార్పిద్దామా?" అన్నాడు సైలస్ కింద నుంచి.

"నోరు మూయి. గాడిదంత అయినవు, పెండ్లయింది, ఇంక నేల మీద పొర్లుతున్నవు." ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, మామూలు గొంతుతో అంది. "రంగు పేరే అయితే మంచిదే. మీరు పోండ్రి బిడ్డా. నేను రాను. నాకిక్కడనే మంచిగున్నది."

సైలస్ నవ్వు ఆగిపోయింది.

ఎందుకని అడిగితే చెప్పలేదు. మరుసటి రోజు ట్రంకు పెట్టెలోంచి చీరలు బయటికొచ్చి మళ్లీ అలమరలో చేరాయి. సైలస్ బతిమాలాడు, అలిగాడు, ఒక పూట అన్నం మానేశాడు. ఆమె అతని పళ్లెం మీద మూత పెట్టి పక్కన పెట్టింది, అంతే. ఒకటో తారీఖుకు ఎనిమిది రోజులుంది. రాత్రి వంటింట్లో సైలస్, "ఓనరుకు వద్దని చెప్పేస్తా" అన్నాడు. నేను సరేనన్నాను. గ్యాస్ సిలిండర్ వైపు తిరిగి పడుకున్నాను. ఆ సిలిండర్‌కు ఎరుపు గ్లాసీ వేశారు.

సైలస్ ఇంకా ఫోన్ చేయలేదు. గురువారం నేను ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాను. తలుపు దగ్గరికి వేసుంది, తోసి లోపలికి వెళ్లాను. నాయనమ్మ మంచం మీద మోకాళ్ల మీద నిలబడి తడిగుడ్డతో గోడ రుద్దుతోంది. చర్చి క్యాలెండర్ దిండు మీద ఉంది.

ఆ క్యాలెండర్ గురించి ఒక మాట చెప్పాలి. అది చాలా కిందకు ఉంటుంది, మంచం మీద కూర్చున్న మనిషి తల ఎత్తులో. తారీఖు చూడాలంటే వంగాలి. ఈమెకు చూపు ఆనదేమో, దగ్గరగా పెట్టుకుంది అనుకున్నాను. ఇప్పుడు అది లేని చోట, గోడ మీద, అన్నం పళ్లెమంత నల్లటి నూనె మరక ఉంది. మధ్యలో నున్నగా మెరుస్తోంది.

నాయనమ్మ గబగబా క్యాలెండర్ అందుకోబోయింది. నేను చూసేశానని తెలిసి వదిలేసింది.

"ప్రార్థన చేస్కునేటప్పుడు తల ఆనిస్త బిడ్డా. తెల్లారంగ లేచి, గంట గంటన్నర. నడుము నిలవది. ఎన్ని సబ్బులు పెట్టినా పోతలేదు." గుడ్డను మడిచింది, మళ్లీ విప్పింది. "ఇంటాయన ఒకసారి చూసి, గోడ ఖరాబు చేసినవు, నీకేమన్న తెలివున్నదా ముసల్దానా అన్నడు. అప్పటిసంది ఇది తగిలించిన. నీ ఓనరు సుత అన్నడు కద, మరకలు పడితే ఊరుకోనని. మూడుసార్లు విన్న."

మూడుసార్లు వినిపించింది నేనే.

"మీరేమో అంత మోజుగ రంగులు ఏపిస్తున్నరు. నెల తిరగకముందే ఖరాబు చేస్త. అప్పుడు నువ్వేమీ అనవు. గదే నాకు భయం."

మంచం మీద ఆమె పక్కన కూర్చుని, వెనక్కి వాలి, ఆ మరక మీద తల ఆనించాను. అక్కడ గోడ చల్లగా, నున్నగా ఉంది. ఏళ్ల తరబడి ఆనిన తల గుర్తు. సున్నం అంటదని నాకు అనిపించింది, అంటలేదు కూడా.

"నాయనమ్మా, ఒక్కసారి ఆ ఇంటికి రా. ఉండటానికి కాదు. తల ఆనించడానికి."

"పిచ్చిదానివా?"

"శనివారం వెళ్దాం. నూనె బాగా పెట్టుకో."

శనివారం ముగ్గురం ఆటోలో బయలుదేరాం. పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయాం. అక్కడ ఆగకుండా ఎప్పుడూ వెళ్లలేదు. నాయనమ్మ కొబ్బరినూనె వాసన ఆటో నిండా. నర్సింహులుకు విషయం ముందే చెప్పాను. ఆయన ఖాళీ పెయింట్ డబ్బాను గోడ దగ్గర బోర్లించి, పైన గుడ్డ పరిచి, "కూసో అవ్వా" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "ముప్పై ఏండ్ల సర్వీసు మేడం, గిట్ల ఎవ్వరు చెక్ చెయ్యలే" అన్నాడు.

మొదట మ్యాట్. నాయనమ్మ వెనక్కి వాలి, కళ్లు మూసుకుంది. మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం. ఆమె పెదవులు కదులుతున్నాయి. పరీక్షంటే పరీక్షే, ప్రార్థన చేయకుండా తల ఎలా ఆనిస్తుంది? ఆమేన్ అనే వరకు ఆగాం. లేచాక చూస్తే గుండ్రటి మచ్చ. నర్సింహులు సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచాడు. మచ్చ పెద్దదైంది.

నాయనమ్మ నా వైపు చూసింది. చూశావా అన్నట్టు.

రెండోది గ్లాసీ. మచ్చ ఒక్క తుడుపుకు పోయింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. నాయనమ్మ మాత్రం గోడకు ముఖం దగ్గరగా పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇందుల నేనే కనవడుతున్న. ప్రార్థన చేస్కునే కాడ నా మొఖం నాకెందుకు?"

"గా మాట కరెక్టే అవ్వా" అన్నాడు నర్సింహులు.

మూడోది మిగిలింది. దాని పేరు ఎవరూ ఎత్తలేదు. నర్సింహులు డబ్బా జరిపాడు. ఆమె కూర్చుంది, వాలింది. ఈసారి ప్రార్థన పొడుగ్గా సాగింది. కింద వీధిలో కొబ్బరిబోండాలతను అరుస్తున్నాడు. సైలస్ నా చెయ్యి పట్టుకున్నాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. ఆమేన్.

మచ్చ ఉంది, అచ్చం పళ్లెంలా. నర్సింహులు గుడ్డ పిండాడు. నాయనమ్మ చెయ్యి చాపింది. "నాకియ్యి. రోజు తుడుచుకునేది నేను."

ఒకసారి తుడిచింది. సగం పోయింది. రెండోసారి తుడిచింది. మొత్తం పోయింది. మూడోసారి అవసరం లేదు, అయినా తుడిచింది. తర్వాత అరచేతిని ఆ చదరం మీద పెట్టి, మెల్లగా పైనుంచి కిందకు రాసింది. అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"సున్నం సుత అంటలే."

"అంటదు నాయనమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, కిటికీ తలుపు తీసి వేసి చూసింది. మంచం ఏ గోడకు వేస్తే బాగుంటుందో కళ్లతోనే కొలిచి చూసుకుంది. సైలస్ ఫోను చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అరే సైలసూ, గట్ల నిలబడకు, ఓనరుకు ఫోన్ చెయ్యి. వస్తున్నమని చెప్పు."

ఆ తర్వాత నా వైపు తిరిగింది. "రేపు చర్చికెళ్లి సీదా దుకాణంకు పోదాం బిడ్డా. నా గదికి రంగు నేను చెప్త. లేత పచ్చ. గా మెరుపు పేరు మాత్రం వాళ్లకు నువ్వే చెప్పాలె."