ఇయ్యాల తలుపెటు?

నాగసానిపల్లెల పాలు పోసే పెద్దమ్మ దశరథం ఇంటి కాడికి రాంగనే బజార్ల నిలవడి ఒకటే మాట అడుగుతుండె.

"ఇయ్యాల తలుపెటు రేణుకా?"

"కొట్టం దిక్కు పెద్దమ్మా!" అని లోపలికెళ్లి జవాబొస్తే, పెండ తొక్కకుంట చుట్టు తిరిగి పోయి పాలు పోసి వచ్చేది. ఆ ఇంటి తలుపు ఒకనాడు బజారు దిక్కు ఉంటే ఇంకొకనాడు పెరటి దిక్కు, మరొకనాడు పసుల కొట్టం దిక్కు ఉంటుండె. గడప, గడపకు పూసిన పసుపు, పైన కట్టిన మామిడాకులు, ఓట్లప్పుడు రాసిపోయిన నంబరు, అన్నీ తలుపెంబడే పోతుండె. దశరథం పెండ్లాం రేణుకమ్మ తెల్లారంగ లేసి, తలుపు ఎక్కడున్నదో చూసుకోని, ఆ దిక్కే సాన్పి చల్లి ముగ్గేసేది. ఊరోళ్లకు ఇదొక ముచ్చటే కాదు. పోస్టుమ్యాన్ ఒక్కడే అప్పుడప్పుడు కసురుకుంటుండె, అదీ కొట్టంల బర్రె కుమ్మవట్టి.

ఊరు పరేషానయింది తలుపుతోని కాదు, వాళ్ల బిడ్డ యమునతోని. ఏడేండ్లొచ్చినయి, మాట రాలే. పిలిస్తే తిరిగి చూడదు. దీపాలు పెట్టే యాళ్లయిందంటే చాలు, కెవ్వున కేక పెట్టి, ముంజెయ్యి నెత్తురొచ్చే దాంక కొరుక్కుంటుండె. ఆ కేక బజారు చివరి దాంక ఇనవడ్తుండె. రెండేండ్ల సంది రోజూ గిదే కథ. దవాఖానలకు తిప్పిండ్రు, తాయెత్తులు కట్టిచ్చిండ్రు. దశరథం తిరిగి తిరిగి సగమైండు.

గసొంటప్పుడు, రెండువేల ఏడుల, అదే ఊరి పిల్ల రజిత వనపర్తిల పన్నెండు దినాలు ట్రైనింగయ్యి వచ్చింది. ఒక స్వచ్ఛంద సంస్థోళ్లు ఊరికొకరిని ఏరుకోని, ఎదుగుదల తక్కువున్న పిల్లలకు, మనసు బాగలేని పెద్దోళ్లకు ఊర్లనే ఎట్ల తోడుండాల్నో నేర్పిండ్రు. రజితకు సగం ఎక్కింది, సగం ఎక్కలే. నిజం చెప్పాలంటే ఎక్కనిదే ఎక్కువ. నేర్పిన యేసయ్య సారు మంచోడే గాని, ఒక్క ప్రశ్న అడిగితే నాలుగు జవాబులు చెప్పి, చివరికి "ఏదైనా కావచ్చమ్మా" అంటుండె. అది రాసుకోని ఏం చేస్తరు?

ఒక్క సంగతి మాత్రం ఆమె మనసుల గట్టిగ నిలిచింది. "పిల్ల ఏదన్న చేసిందంటే ఉరికిపోయి ఆపొద్దు. ముందు చూడాలి. నోటుబుక్కులో మూడు గడులు గీయండి. ముందు ఏమయింది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏమయింది. చూసింది రాయండి, అనుకున్నది రాయొద్దు."

రజిత రోజూ నాలుగ్గొట్టంగ వాళ్లింట్ల కూసోని రాసుడు మొదలువెట్టింది. మూడో రోజుకే తల తిరిగింది. తలుపు జరిగిన సంగతి ఏ గడిల రాయాలె? పొద్దుగాల తలుపు జరిగింది, మాపటికి పిల్ల ఒర్రింది. అంటే తలుపు "ముందు" గడిల రాయాలె. కాని నిన్న మాపటికి పిల్ల ఒర్రినంకనే కద, ఇయ్యాల తలుపు జరిగింది? అట్ల చూస్తే "తర్వాత" గడిల రాయాలె. రాసుడు, చెరుపుడు, మళ్ల రాసుడు. కాయితం చిరిగింది గాని సంగతి తేలలే.

"అన్నా, తలుపు జరిగినందుకు పిల్ల ఏడుస్తున్నదా, పిల్ల ఏడ్చినందుకు తలుపు జరుగుతున్నదా?" అని దశరథాన్నే అడిగింది.

"నాకేం ఎర్కనమ్మా? రాత్రి చెప్పులు ఏ దిక్కు ఇడిసిననో గదే తెల్లారి ఎర్క లేదు నాకు."

ఇరవయ్యో రోజు రజిత నోటుబుక్కు తీయంగనే దశరథం చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఇగ రాసుడు చాలమ్మా. హైదరాబాద్ల హాస్టలుందంట, గిసొంటి పిల్లలను ఉంచుకుంటరంట. సోమారం పొద్దుగాల జీపు పంపుతమన్నరు. సంతకం వెట్టిన."

"మళ్ల ఎప్పుడు తోలిస్తరన్నా?"

"తోలియ్యరు. ఏడాదికొకసారి పోయి చూసి రావచ్చట." గంతే చెప్పి మొఖం అటు తిప్పుకున్నడు. కన్నబిడ్డను పంపుడు అతనికి ఇష్టమైతదా? రెండేండ్లు కంటి మీద కునుకు లేని మనిషాయె.

పొయ్యి కాడ కూసున్న రేణుకమ్మ మెల్లగ అన్నది, "పెరుగన్నం మీద ఉప్పు కండ్లకు కనవడితే ముట్టదు రజితా. కలిపి కనవడకుంట పెట్టాలె. గా సంగతి ఆళ్లకు ఎవరు చెప్తరు?"

తెల్లారి శుక్రవారం వనపర్తిల మీటింగుండె. యేసయ్య సారు నోటుబుక్కు తిరగేసిండు, కండ్లద్దాలు తీసి తుడిసిండు, మళ్ల పెట్టుకున్నడు.

"తలుపు సంగతి నాకూ అర్థం కాలేదమ్మా. కాని చూడు, పందొమ్మిది రోజులు 'ముందు ఏమయింది' గడిలో ఒకటే రాశావు. గోడ దగ్గర నిలబడింది, వాళ్ల నాన్న గుంజాడు. ఏ గోడ?"

"నడిమి గోడ సార్."

"దాని అవతల ఏముంది?"

పంచుకున్న ఇంట్ల అవతలి సగం పేరు ఎవరూ ఎత్తరు. ఆ ఊర్ల అది పద్ధతి. నడిమి గోడకు మేకు కొట్టరు, మంచమెయ్యరు, వీపు ఆనియ్యరు. ఆనిస్తే అవతలోళ్ల తోని ఏదో కావాల్నని ఆశపడ్డట్టన్నట్టు. రజిత ఆ ఊర్ల పుట్టి పెరిగిన పిల్లనే కద. గోడ అని రాసింది గాని, గోడ అవతల ఉన్నోళ్లను రాయాలన్న సోయే ఆమెకు రాలే.

"పాలోళ్లు సార్."

"అంటే?"

"పిల్ల చిన్నాయిన, చిన్నమ్మ. భీమయ్య, జోగులమ్మ. బోరు ఎవరి చెల్కల ఎయ్యాలన్న కాడ అన్నదమ్ములు కొట్లాడి ఇల్లు పంచుకున్నరు. వాళ్లకు పిల్లల్లేరు. యమున పుట్టినకాంచి జోగులమ్మ చంకలనే ఉండె, ఆమె తోనే తినేది, ఆమె పక్కల్నే పండేది."

"గోడ ఎప్పుడు కట్టారు?"

"రెండేండ్లాయె..." అని ఆ మాట కాడ ఆగిపోయింది రజిత. తన మీద తనకే కోపమొచ్చింది. పందొమ్మిది రోజులు ఆ గోడ ముందర్నే కూసున్నది కద!

సారు కూడ ఎటూ తేల్చలే. "అదే కావచ్చు, కాకపోవచ్చు. గుంజకపోతే ఏమవుతుందో ఒక్కరోజు చూడమ్మా" అన్నడు.

బస్సుల కూసోని ఆమె మళ్ల మొదటికెళ్లి చదివింది. గుంజినంక పిల్ల పొర్లిపోయి ఎక్కడ పడ్డదో "తర్వాత" గడిల రాసి పెట్టుకున్నది. మొదటి రోజు పెరటి గోడ కాడ పడ్డది, తెల్లారి తలుపు పెరటి దిక్కు. రెండో రోజు కొట్టం దిక్కు, తెల్లారి తలుపూ కొట్టం దిక్కే. ఒక పేజీల పిల్ల, ఇంకో పేజీల తలుపు ఉండవట్టి రెండూ కలిపి ఎన్నడూ చదవలే. పందొమ్మిదికి పందొమ్మిది అట్లనే ఉన్నయి. అంటే ఏందో మాత్రం రజితకు ఇంకా సమజ్ కాలే.

ఆదివారం మాపటికి రజిత వచ్చేసరికి యమున బట్టలు మడిసి సంచిల పెట్టి ఉన్నయి. పొద్దు వాలంగనే పిల్ల లేసి, నడిమి గోడకు రెండు అరచేతులు, చెంప ఆనిచ్చి నిలవడ్డది. దశరథం గబుక్కున లేసిండు. రజిత అతని ముందరికొచ్చి నిలవడ్డది.

"జర ఆగన్నా. గుంజకు."

"ఏం మాటలమ్మా? గోడకు మొఖం పెట్టి నిలవడితే పాలోళ్లు ఏమనుకుంటరు? దిక్కులేక చూస్తున్నమనరా?"

"అననీ. రేపు జీపొస్తది, నీ ఇష్టం. ఈ ఒక్క మాపు నాకియ్యి."

"నువ్వు పన్నెండు దినాలు నేర్సుకోనొచ్చి నాకు చెప్తున్నవా?"

"నాకు ఏం తెల్వదన్నా! తెలుస్తే చెప్పనా? ఊకె చూస్త, గంతే."

రేణుకమ్మ వచ్చి మొగని చెయ్యి పట్టుకున్నది. పెండ్లయినకాంచి అతనికి అడ్డం రావుడు ఆమెకు గదే మొదలు. దశరథం ఆమె దిక్కు చూసిండు, పిల్ల దిక్కు చూసిండు, ఉన్నకాడనే కూసున్నడు.

దీపం పెట్టిండ్రు. యమున ఒర్రలే. గోడకట్లనే ఆనుకోని, నిలవడి నిలవడి, జారి కూసోని, ఆడనే నిద్రవోయింది. కేక ఇనవడలేదని బజారోళ్లు ఒక్కొక్కరు వచ్చి తొంగి చూసిండ్రు. "పిల్ల బాగనే ఉన్నదా?" అని పాలు పోసే పెద్దమ్మ భయపడుకుంట అడిగింది. బాగున్నదో లేదో చెప్పే ధైర్యం ఎవరికీ రాలే. రజిత గడుల ఏం రాయాల్నో తెల్వక నోటుబుక్కు మూసుకోని ఇంటికి పోయింది.

సోమారం పొద్దుగాల రజిత వచ్చేసరికి జీపు అప్పటికే బజార్ల ఆగి ఉన్నది. డ్రైవరు హారన్ కొడుతుండె. బజారు దిక్కు తలుపు లేదు. కొట్టం దిక్కు పోయింది, ఆడ లేదు. పెరటి దిక్కూ లేదు. ఒక్క బజారు కిటికీ తప్ప ఇల్లు చుట్టు గోడలే. అప్పుడు పక్కసగం లోపలికెళ్లి గిన్నెల చప్పుడు ఇనవడ్డది. రెండేండ్ల సంది ఎవరూ పిలవంది పోని ఆ భీమయ్య వాకిట్ల రజిత పిలవకనే అడుగువెట్టింది.

నడిమి గోడల తలుపున్నది. పసుపు గడప, మామిడాకులు, నంబరు, అన్నీ ఉన్నయి. గడపకు ఈవల జోగులమ్మ కాళ్లు సాపుకోని కూసున్నది, ఆమె ఒళ్లె యమున. జోగులమ్మ పెరుగన్నం ముద్దలు చేసి పెడ్తున్నది. పిల్ల ఎవరి దిక్కూ చూస్తలేదు, నోరు తెరిసి తింటున్నది. జోగులమ్మ కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

గడపకు ఆవల దశరథం బట్టల సంచి పట్టుకోని నిలవడ్డడు. వెనుక రేణుకమ్మ. బయటికి పోవాలంటే తమ్ముని ఇంట్లకెళ్లే పోవాలె. వేరే దారి లేదు.

"ఏమయ్యా, పిల్లను తెస్తున్నరా లేదా?" అని డ్రైవరు బజారు కిటికీ కాడికొచ్చి కేకేసిండు.

జోగులమ్మ తల ఎత్తలే. "బావా, పిల్లను తీస్కపోతందుకైతే ఈ గడప దాటకు" అన్నది. ముద్ద పెట్టింది. "తింటందుకైతే రా."

దశరథం ఎనుకకు తిరిగి బజారు కిటికీ కాడికి పోయిండు. ఊసలు పట్టుకున్నడు. అతని గొంతుల ఏడుపుండె, దాని కింద ఎన్నడూ లేని తేలిక కూడ ఉండె.

"మా ఇంటికి బయటికి దారి లేదు సారూ. ఏం చేస్తం, మీరు పోండ్రి."

జీపు చప్పుడు బజారు దాటి పోయింది. దశరథం సంచి రేణుకమ్మ చేతికిచ్చి తలుపు కాడికొచ్చిండు. ఇటు వాకిట్ల భీమయ్య యాపపుల్ల నములుకుంట, రెండేండ్ల సంది ఒక్క మాట మాట్లాడని అన్న దిక్కు రెప్పెయ్యకుంట చూస్తుండె. దశరథం కాలు లేపిండు, ఆగిండు.

భీమయ్య నోట్లకెళ్లి పుల్ల తీసిండు.

"పైలం అన్నా," అన్నడు, "గడప ఎత్తున్నది."