ఆ పిలుపు మా ఇంటిది

సినిమా మొదలవగానే హాలు తలుపుకి బయటినుంచి తాళం వేస్తారు. మా ఊళ్లో అది మామూలే. లేకపోతే టిక్కెట్టు కొననివాళ్లు సగంలో దూరిపోతారని పెద్దల భయం. కిటికీలకు దుప్పట్లు కట్టేస్తారు. ఆ ఆదివారం మధ్యాహ్నం బయట కొండమీది మంచు ఎండకు మెరిసిపోతూ ఉంది. లోపల మాత్రం చీకటి, తడిసిన ఉన్ని వాసన, వేయించిన మొక్కజొన్నల వాసన.

నేను బెంచీ మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాను. ఒక పక్క నాన్న, ఇంకో పక్క ఎపిఫానియా అత్త. నాన్న కాళ్ల దగ్గర మా కుక్క పుకా.

కడుపునొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోదామని చూశాను. నాన్న వినలేదు.

"ఊరంతా వెళ్తుంటే నువ్వొక్కదానివే గొర్రెలతో కూర్చుంటావా? పద పద."

ఆ సినిమా పేరు 'గొలుసుల పెళ్ళికొడుకు'. తీసింది విల్బెర్ అనే ఆయన. నేను హైస్కూలు చదువుతున్న పట్నంలోనే ఉంటాడు. హీరోయిన్‌ని సముద్రతీరం నుంచి తెచ్చుకున్నాడు. అందంగా ఉంటుంది గానీ, మా కొండవాళ్ల కెచువా భాష మాటలు ఆమె నోట్లో పలుకురాళ్లలా తిరుగుతాయి. అందుకని గొంతు అరువిచ్చే అమ్మాయి కావాలని మా బడికి వచ్చాడు. టీచర్ అడిగితే తల ఎత్తని నేను ఆ రోజు చెయ్యెత్తాను. ముఖం కనబడదు, పేరు వెయ్యను అన్నాడు. ఆ రెండు మాటలకే పడిపోయాను.

గోడలకు పరుపులు ఆనించిన గదిలో, ఒక మూల విల్బెర్ వాళ్లమ్మ స్వెటర్ అల్లుకుంటూ ఉంటే, ఆ హీరోయిన్ మాటలన్నీ నేనే మాట్లాడాను. నాన్నకి చెప్పలేదు. నన్ను పట్నం పంపేటప్పుడు ఆయన ఒక్కటే అన్నాడు. "నీ గురించి ఒక్క చెడ్డమాట నా చెవిన పడిందా, పుస్తకాలు మూటకట్టి గొర్రెల దగ్గరికి వచ్చేస్తావు." నాన్న అన్నమాట తప్పడు. మా పక్కింటి సబీనాకి వాళ్ల నాన్న అదే మాట అన్నాడు. సబీనా ఇప్పుడు గొర్రెలు కాస్తోంది.

నేను పలికిన మాటల్లో ఒకటి ఉంది. అది వచ్చేలోగా కరెంటు పోవాలని సిలువకు మొక్కుకున్నాను.

మొదట అంతా కాల్పులే. గుర్రాల దొంగలకీ ఊరి కాపలావాళ్లకీ కొట్లాట. గుర్రం ఒకటి వాగులో పడితే జనం లేచి నిలబడ్డారు. ఆ దొంగల్లో ఒకడిని హీరోయిన్ ప్రేమిస్తుంది. ఆమె మొదటిసారి నోరు తెరిచింది. "వెళ్లిపో, మా నాన్న చూస్తాడు."

నా గొంతు హాలంతా నిండింది. నేను శాలువాలోకి ముడుచుకుపోయాను. ఎవరూ నా వైపు తిరగలేదు. తిరగరు కూడా. ఊళ్లో నా గొంతు విన్నవాళ్లెవరు గనక? ఇంట్లో కూడా గొణుగుతానే తప్ప గట్టిగా మాట్లాడను.

"పిల్లకి చలికి గొంతు పట్టేసినట్టుంది," అంది అత్త నన్ను చూసి, మొక్కజొన్నలు నములుతూ.

"నాన్నా, బయటికి వెళ్లాలి."

"తాళం వేశారుగా. ఓర్చుకో."

ఆ మాట వచ్చేసింది. తెరమీద వాన. దొంగ ఒంటిమీద పొంచో, తలమీదుగా తొడుక్కునే ఉన్ని దుప్పటి. హీరోయిన్ వాడి గుండెకు దగ్గరగా జరిగి అంది. "నీ పొంచో కిందకి రానీ. నాకు చలేస్తోంది."

ఈలలు. వెనకబెంచీ వాళ్లెవరో "మా పొంచో కూడా పెద్దదే!" అని అరిచారు.

"సిగ్గులేనిది! ఏ తల్లి కందో!" అంది అత్త.

"సినిమా కదా ఎపిఫానియా," అన్నాడు నాన్న. బుగ్గన నములుతున్న కోకా ఆకు అటునుంచి ఇటు మారింది. అంతే. నేను ఊపిరి వదిలాను.

తర్వాత దొంగ తూటా తగిలి చచ్చిపోతాడు. అది తెలియని హీరోయిన్ దగ్గరికి రాత్రిపూట దయ్యమై వస్తాడు, పెళ్లి చేసుకుందాం పద అని కొండలమీదుగా తీసుకుపోతాడు. పాపం చేసి చచ్చినవాళ్లు గొలుసులు ఈడ్చుకుంటూ తిరుగుతారని మావాళ్లు అంటారు. పొంచో కింద గొలుసుల చప్పుడైనప్పుడు గానీ ఆమెకు అర్థం కాదు. అప్పుడు పరుగు. ఆమె వెనక్కి దువ్వెన విసిరితే ముళ్లడవి మొలిచింది. అద్దం విసిరితే చెరువైంది. ఈ కథ మా ఊళ్లో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

"సబ్బేది?" ఒక ముసలాయన గట్టిగా అడిగాడు. "సబ్బు విసిరితే కదా కొండ జారుడయ్యేది!"

"సబ్బుతో దర్శకుడు స్నానం చేశాడు తాతా!" హాలంతా నవ్వు.

నేనూ నవ్వాను. ఆ నవ్వులో పడి, తర్వాత ఏం వస్తుందో మర్చిపోయాను.

పొగమంచులో దారితప్పిన హీరోయిన్, లోయ అవతలున్న అన్నని పిలవాలి. ఆ రోజు గదిలో విల్బెర్ "దూరంగా ఉన్నవాళ్లని పిలిచినట్టు పిలువమ్మా" అన్నాడు. నాకు దూరంగా ఉండేవి గొర్రెలే. మా వైపు ఒక్కో ఇంటికీ ఒక్కో పిలుపు ఉంటుంది. పక్కింటి గొర్రె మా పిలుపుకి తల కూడా తిప్పదు. మాది నాయనమ్మది. కింద మొదలై, రెండుసార్లు విరిగి, పైకి లేస్తుంది.

హీరోయిన్ నోరు తెరిచింది. నాయనమ్మ పిలుపు వినబడింది.

పుకా చెవులు నిక్కాయి. ఎవరూ పట్టుకునేలోపు జనం కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయి, తెర ముందు నిలబడి తోక ఊపుతూ మొరిగింది. ఎగిరి ముందుకాళ్లు హీరోయిన్ చెంపమీద పెట్టింది. తెర గుడ్డ ఊగింది.

"ఫోర్తునాతో బావా! నీ కుక్క హీరోయిన్‌ని తగులుకుంది!" అని ఎవరో నాన్నని కేకేశారు.

"దయ్యానికి పోటీ వచ్చిందిరోయ్!"

జనం కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వారు. నాన్న నమలడం ఆపేశాడు. తెర వెలుగు ఆయన ముఖంమీద ఆడుతోంది. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండు అనిపించింది. నా మోచేతికి ఆయన మోచెయ్యి తగులుతోంది, జరగడానికి చోటులేదు. మిగతా సినిమా ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. ఆమె తప్పించుకుంటుంది, ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది, అది మాత్రం చూశాను.

తాళం తీశారు. ఉన్నది ఒక్కటే తలుపు. అక్కడ మైకు పట్టుకుని విల్బెర్ నిలబడి ఉన్నాడు. చూసినవాళ్ల అభిప్రాయాలు రికార్డు చేసుకుని, పక్క ఊళ్లో వ్యాను మీది లౌడ్‌స్పీకర్‌లో వినిపిస్తాడు. ఒక్కొక్కరే బయటికి పోతూ చెప్పాలి. ఇక్కడ కూడా చెప్పిన మాట చెప్పినట్టు అప్పుడే ఊరి నడిబొడ్డున చౌకులో మోగుతుంది.

"దయ్యం బాగుంది. ఆ పిల్లకే బుద్ధిలేదు," అంది అత్త.

నాన్న వంతు వచ్చింది.

"గుర్రాల కొట్లాట బాగుంది. గొలుసులు మరీ తేలిగ్గా ఉన్నాయి. నిజం గొలుసైతే అలా పరిగెత్తలేడు."

"మరి హీరోయిన్, పెద్దాయనా?"

"ఆ పిలుపు చివర సాగదీసింది. అంత సాగదీస్తే మంద బెదురుతుంది. మా ఇంట్లో అక్కడ తుంచేస్తాం."

విల్బెర్ నన్ను చూశాడు, ముఖం మార్చుకున్నాడు, మైకు కిందకి దించి నాకు దారిచ్చాడు. నేను తలవంచుకుని గడప దాటబోయాను.

"దాన్నీ అడుగు," అన్నాడు నాన్న. "అదీ టిక్కెట్టుతోనే వచ్చింది."

మైకు నా మూతి ముందుకి వచ్చింది. వెనక జనం తోస్తున్నారు. ముందు నాన్న నిలబడ్డాడు.

"చచ్చినవాడని తెలిశాక కూడా ఆ అమ్మాయి వెనక్కి చూస్తుంది," అన్నాను. "నేనైతే చూడను."

ఆ గొంతు చౌకంతా మోగింది. బంగాళాదుంపలు మూటకడుతున్నావిడ చెయ్యి ఆగిపోయింది. ఒకరొకరుగా తలలు తిరిగాయి. అత్త చేతిలోని మొక్కజొన్నలు నేలపాలయ్యాయి.

"ఓసి నెలిదా! ఆ పొంచో మాట..."

"ఎపిఫానియా, ఇంటికి పద," అన్నాడు నాన్న.

కొండదారిలో ఆయన ముందు నడిచాడు. చాలా దూరం పోయాక వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ మాటలు పట్టిన చోట ఇంకెవరున్నారు?"

"విల్బెర్ వాళ్లమ్మ. స్వెటర్ అల్లుకుంటూ."

"తలుపు తీసుందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "మూశారు. బయటి చప్పుడు రాకుండా."

ఇంకొంత దూరం నడిచాం. పుకా ఒకసారి నన్నూ ఒకసారి నాన్ననీ చూసుకుంటూ మధ్యలో పరిగెడుతోంది.

"రేపు బడికి వెళ్తావు," అన్నాడు. "ఇప్పుడున్న ఇంట్లో కాదు. ఎపిఫానియా చెల్లెలింట్లో ఉంటావు. బడి వదలగానే ఇల్లు. ఆవిడ గడియ వేసుకుంటుంది."

ఆవిడ నాకు తెలుసు. కిటికీలు కూడా తెరవనివ్వదు. "సరే" అన్నాను.

"వినబడలేదు. లౌడ్‌స్పీకర్‌లో బాగానే వినబడిందిగా?"

"సరే నాన్నా."

దొడ్డి దగ్గరికి వచ్చేసరికి గొర్రెలు పైవాలున చెల్లాచెదురుగా మేస్తున్నాయి. రోజూ నాన్నే పిలుస్తాడు. ఆ రోజు గడియకర్ర పట్టుకుని పక్కకి నిలబడ్డాడు.

"పిలువు."

పిలిచాను. చివర తుంచేశాను. మంద మొత్తం ఒక్కసారి తలెత్తి, దిగడం మొదలుపెట్టింది.

కింద ఊళ్లో విల్బెర్ రికార్డు చేసిన మాటలు వేసి చూసుకుంటున్నట్టున్నాడు. "నేనైతే చూడను... నేనైతే చూడను..." అంటూ నా గొంతు కొండకి తగిలి తిరిగివస్తోంది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి. చివరిదాని వెనక నేను కూడా దొడ్లోకి నడిచాను, గొర్రెపిల్లల్ని లెక్క చూడడానికి. నాన్న బయటినుంచి గడియకర్ర వేశాడు.