మొహాల ఇస్త్రీ

ఫొటో స్టూడియోలో ఆమెను అందరూ ‘ఇస్త్రీ’ అంటారు. బట్టలకు కాదు, మొహాలకు. పదేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని జనం మొహాల మీద ముడతలూ మచ్చలూ తీసేసి నున్నగా చేసి పంపడమే ఆమె ఉద్యోగం. స్క్రీన్ పక్కన ఓనరు ఒక సబ్బు ప్రకటన కత్తిరించి అంటించాడు. అందులో పిల్ల చర్మం చూస్తే జన్మలో ఒకసారైనా చెమట పట్టినట్టు ఉండదు. వచ్చినవాళ్లంతా దానివైపే వేలు చూపిస్తారు. అరవై దాటిన ఒక పెద్దాయన కూడా “ఇంచుమించు అలా ఉంటే చాలమ్మా” అని మొహమాటపడుతూ అడిగాడు. ఏం చేస్తుంది పాపం, చేసిపెట్టింది.

ఆ పనికి ఒక నియమం ఉంది. మెరుగు పెట్టిన ఫొటోను అసలుదాని మీదే సేవ్ చెయ్యాలి, అసలుది మిగలకూడదు. “పాతది కంటపడిందంటే కస్టమరు మనతోనే తగువేసుకుంటాడు” అనేవాడు ఓనరు. ఆ అలవాటు ఆమె చేతికి పట్టేసింది. ఇంట్లో ఫొటోలకూ అదే చేసింది.

నిజానికి అమ్మే అడిగేది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి అమ్మకు ఎడమ చెంప మీద నాలుగు గుంటలు మిగిలాయి. కనుబొమల మధ్య ఒక నిలువు గీత. టీవీలో నలుగురు పిల్లల తల్లి వేషం వేసినామె మొహం అద్దంలా మెరుస్తుంటే, అమ్మ ఇటు తిరిగి, “ఊరందర్నీ అందగత్తెల్ని చేస్తావు, కన్నతల్లికి ఆ మాత్రం చెయ్యలేవుటే” అని మూతి ముడిచేది. చేసి ఇస్తే మురిసిపోయేది. మురిసిపోయి, కాసేపాగి అద్దంలో చూసుకుని దిగులుపడేది. ఆ దిగులు కూతురు చూసింది. చూసి ఊరుకుంది.

అమ్మ పోయి ఆర్నెల్లయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న వచ్చి, మంచం పక్కన పెట్టుకోవడానికి ఒక ఫొటో కావాలన్నాడు. ఆమె పదకొండు తీసి చూపించింది. నాన్న కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటే చూశాడు.

“బాగున్నాయమ్మా. మీ అమ్మది ఒకటి తియ్యి.”

“ఇవన్నీ అమ్మవే నాన్నా.”

“అవునవును, అమ్మవే” అన్నాడు నాన్న, పిల్ల నొచ్చుకుంటుందేమోనని. ఫొటో మాత్రం తీసుకోలేదు.

అప్పుడు ఆమె కూడా చూసింది. పదకొండింటిలోనూ అమ్మ లేదు. కాగితం ఫొటోలు అమ్మ ఎప్పుడో చింపేసింది. పాత డిస్కులన్నీ తిరగేసింది. అమ్మ ఫోను వెతికింది. అందులో పాతవన్నీ తనే తీసేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మూడు సాయంత్రాలు కూర్చుని గుంటలు మళ్లీ పెట్టింది. తియ్యడం వచ్చినంత బాగా పెట్టడం ఆమెకు రాదు. నాన్న చాలాసేపు చూసి, “గుంటలు సరిగ్గానే ఉన్నాయి. మీ అమ్మే కుదర్లేదు” అన్నాడు.

ఆ మాటతో తిండి సయించలేదు. అమ్మ మొహం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చూడాలనిపించింది. అలా అనుకుంటుంటే అమ్మ గుర్తింపు కార్డు తట్టింది. ఆ కార్డు ఇచ్చే ఆఫీసువాళ్లు స్టూడియో ఫొటో చూసి “ఇది మీరు కాదండీ” అని తిప్పికొట్టి, అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి తీశారు. అమ్మ ఇంటికొచ్చి నానా యాగీ చేసింది. “దొంగమొహంలా తీశారు” అని కార్డు ఎవరికీ చూపించలేదు.

బీరువాలో, బట్టల అడుగున దొరికింది. అట్ట కార్డు. దాని మీద ఫొటో ఉండాల్సిన చోట, అంచులు చక్కగా కత్తిరించి, జిగురు రాసి, కూతురు చేసిచ్చిన నున్నటి ఫొటోను అంటించుకుంది అమ్మ.

ఆమెకు కోపం వచ్చింది. అమ్మ మీద కాసేపు, తన మీద చాలాసేపు. తర్వాత తడిబట్ట వేసి నానబెట్టి, గోటితో అంచు లేపింది. ఊపిరి బిగబట్టి మెల్లగా లాగింది. పై ఫొటో ఊడింది గానీ, కిందిదాంట్లో సగానికి పైగా దానితోపాటు లేచిపోయింది. మిగిలింది ఎడమ కన్ను, కనుబొమల మధ్య గీత, నాలుగు గుంటల చెంప.

నాన్న దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఇదిగో” అన్నాడు. “ఇదీ మీ అమ్మ. చూడు, ఎవర్నో తిట్టబోతోంది.”

నిజమే. ఆ కన్ను, ఆ గీత అచ్చం తిట్టబోయే ముందువే. పెదవులు మాత్రం జిగురుతో పోయాయి. ఏమనబోతోందో ఇక తెలియదు. తిట్టబోయేది తననే అయితే బాగుండునని, ఆమె ఆ నాలుగు గుంటల మీద వేలు ఆనించి కూర్చుంది.