పాకెట్ కంప్యూటర్‌లో అక్క లెక్కలు

"మెమరీ పోయిందని మీరు చెప్పకండి. పోయిందో లేదో చెప్పాల్సింది నేను," అన్నాను. మరమ్మతుకు వచ్చినవాళ్లు నాకే పాఠాలు చెబితే ఒళ్లు మండుతుంది.

నా షాపుకొచ్చిన ఆ బస్సు డ్రైవరు నొచ్చుకోలేదు. అరచేతిలో పట్టే ఆ పాత పాకెట్ కంప్యూటర్‌ను పసిపిల్లను పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టాడు. ఎక్కాల పేరు చెబితే పారిపోయే ఈ తమ్ముడి కోసం వాళ్లక్క కాలేజీ రోజుల్లో అందులో లెక్కల ఆట రాసిందట. ఆ మరుసటేడే ఆమె జ్వరంతో చనిపోయింది. కరెంటు క్షణం ఆగినా ఆట చెరిగిపోతుంది. అందుకని ఇన్నేళ్లూ కొత్త బ్యాటరీలను తీగలతో తగిలించాకే పాతవి తీసేవాడు.

"కాగితమ్మీద ఎక్కించుకోవచ్చుగా?"

"అక్క నొక్కిన అక్షరాలు మేడం అవి. నా చేతిరాత ఏం చేసుకోను?"

మెషిన్‌ని దగ్గరికి లాక్కున్నాను.

ఆమె రాసిన వరసలను తెరమీదికి తెప్పించాను. ఇంగ్లీషు అక్షరాలు, అంతా గజిబిజి. ఖాళీ ఉండాల్సిన చోటల్లా ఆశ్చర్యార్థకం. మెమరీ చిప్ మార్చడం చిటికెలో పని, కానీ అక్క మాటలూ దాంతోనే పోతాయి. అదే చెప్పబోయి ఆగిపోయాను. తెరమీద ఎ ఉంది, సి ఉంది, ఇ ఉంది. బి లేదు, డి లేదు. ఎంత వెతికినా ఒకటి విడిచి ఒకటే.

"ఓరి నీ దుంపతెగ!" అని మెషిన్‌ని తిట్టాను. "చిప్ చచ్చిపోతే చెత్త ఇంత పద్ధతిగా రాదండీ. దాని కాళ్లలో ఒకటి బోర్డు నుంచి ఊడింది. లోపల అంతా ఉన్నదున్నట్టే ఉంది, బయటికొచ్చే దారిలో చెడుతోంది."

అతను కుర్చీ అంచుకు జరిగాడు.

ఇలాంటి పనికి, సీసం కరిగించి అతికే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కగానే ప్లగ్ పీకెయ్యాలి. బతికున్న చిప్‌కు మెయిన్ కరెంటు సోకిందో, అంతే సంగతులు. ఐరన్ చల్లారేలోపే తాకి తీసేయాలి. చీమకు కూడా తెలియనంత కరెంటు, ఒక ఆడపిల్ల మాటలను ఇన్నేళ్లు పట్టుకుని ఉంది! రోజూ చేసే పనే, ఇంత వింతని నాకెప్పుడూ తట్టలేదు.

ఊపిరి బిగబట్టి తాకించాను. సీసం మెరిసి సర్దుకుంది. తెరమీద బి వచ్చింది, డి వచ్చింది.

"ఆడండి," అన్నాను.

ఏడెనిమిదులెంత అని అడిగింది కంప్యూటర్. డ్రైవరు యాభై నాలుగు నొక్కాడు. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మనవి, నెమ్మదిగా నడిచొచ్చాయి.

"తప్పురా. మళ్లీ చెప్పు. నేనెక్కడికీ పోను."

అతను కళ్లు తుడుచుకుని యాభై మూడు నొక్కాడు. మళ్లీ అదే మాట.

"యాభై ఆరండీ," అన్నాను నోరూరుకోక.

"తెలుసు మేడం. సరిగ్గా చెబితే వేరే లెక్కకెళ్లిపోతుంది."

యాభై ఏడు నొక్కాడు.