ఫొటోలో నాలుగో వంక

వాషింగ్ మిషన్లు బాగుచేసే మెకానిక్‌కి నలభై దాటాక ఫొటోల పిచ్చి పట్టింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒకావిడ, అటక మీద దొరికిన పాత కెమెరాను తెచ్చి, "మా ఇంట్లో దీన్ని ముట్టుకునేవాళ్ళు లేరు, నువ్వైనా వాడుకో" అని అతని చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి స్పానర్లు, స్క్రూడ్రైవర్లు ఉండే సంచిలో పాత తువ్వాలు చుట్టుకుని కెమెరా కూడా ఊరంతా తిరగడం మొదలుపెట్టింది.

అతని పనే ఇళ్ళలోకి వెళ్ళడం. ఒకరింటి వెనక బాల్కనీలో ఆరేసిన తెల్ల చొక్కాల మీద ఎండ పడుతుంటే ఒక ఫొటో. విప్పిన మిషను డ్రమ్ములో తన మొహం సాగిపోయి కనబడితే ఒక ఫొటో. గోడ మీద పైపు నీడ పాములా పాకితే ఇంకో ఫొటో. వాటిలో తనకు నచ్చినవి సందు చివర షాపులో ప్రింటు వేయించి, ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచాడు.

"ఎలా ఉన్నాయి?"

భార్య కూరగాయలు తరుగుతోంది. చెయ్యి ఆపకుండానే, "బాగున్నాయండీ" అంది.

"ఏది బాగుంది?"

"అన్నీ బాగున్నాయి."

"అన్నీ ఎలా బాగుంటాయే?"

"సరే, ఆ నీలం రంగుది బాగుంది."

అందులో నీలం రంగుది అసలు లేదు. ఆవిడ చూసింది షాపువాడు ఫొటోలు పెట్టి ఇచ్చిన కవరు.

కూతురు చెవుల్లో పాట తియ్యకుండానే "సూపర్ నాన్నా!" అని బొటనవేలు చూపించి గదిలోకి వెళ్ళిపోయింది. బావమరిది మాత్రం ఒక్కో ఫొటోనూ చేతిలోకి తీసుకుని, "బావా, నువ్వు ఉండాల్సిన చోటు ఇది కాదు బావా" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. మెకానిక్ ఉబ్బిపోయాడు. రెండు నిమిషాలయ్యాక బావమరిది స్పానర్ల సెట్టు ఓ వారం కావాలన్నాడు. ఉబ్బినంతసేపు పట్టలేదు, గాలి దిగిపోవడానికి.

మిషను బాగోకపోతే అదే అరిచి చెబుతుంది. బేరింగు పోతే ఒక మోత, బెల్టు వదులైతే ఇంకో మోత. ఫొటోకి నోరు లేదు. చూసేవాళ్ళకు నోరుంది గానీ మొహమాటం. తను తీసినవాటిలో ఏది బాగుందో, ఏది చెడిందో చెప్పేవాళ్ళే లేకపోతే నేర్చుకునేదెలా?

అప్పుడు గుర్తొచ్చింది అతనికి పిన్ని.

ఆవిడ అతని తల్లికి చెల్లెలు. బట్టల మిల్లులో చాలా ఏళ్ళు పనిచేసింది. కింద దీపం వెలిగే గాజుబల్ల మీద బట్ట జారుతూ పోతుంటే, నేతలో ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ ముడి పడిందో చూసి సుద్దతో గుర్తు పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఉద్యోగం మానేసినా కన్ను మానలేదు. పెళ్ళిపీటల మీదున్న కుర్రాణ్ణి చూసి, "పిల్లాడు బంగారమే, ఎడమ చెవి ఒక పిసరు కిందికుంది" అన్న ఘనత ఆవిడది. ఆ తర్వాత ఆ పెళ్ళికొడుకు చెవి తప్ప ఎవరూ ఇంకేమీ చూడలేకపోయారు. బంధువులంతా ఆవిడకు పెట్టిన పేరు వంకల పిన్ని. ఆవిడ వస్తోందంటే ఆడవాళ్ళు కర్టెన్లు సర్దుకునేవారు, మగవాళ్ళు గొంతు సర్దుకునేవారు.

"ఆవిడకు చూపిస్తారా?" భార్య చెయ్యి ఈసారి ఆగింది. "కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనండీ."

"గోక్కోనియ్యవే. తలైనా ఉందని తెలుస్తుంది."

పిన్ని మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, ఫొటోలన్నీ కిటికీ దగ్గరి వెలుగులోకి తీసుకెళ్ళి, ఒక్కోటీ కింది నుంచి పైకి చూసింది. నీళ్ళు కూడా ఇవ్వలేదు. మెకానిక్ కుర్చీ అంచున కూర్చుని అరచేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు.

"ఇది వంకర" అంది పిన్ని. "ఇది వంకర. ఇది మరీ చీకటి. ఇందులో చొక్కాలు బాగానే ఉన్నాయి గానీ పక్కన ఆ చీపురెందుకు?"

"చూసుకోలేదు పిన్నీ."

"చూసుకోకపోతే కెమెరా ఎందుకురా? ఇదిగో, ఈ పైపు నీడ బాగుంది."

మెకానిక్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"బాగుంది, అయితే ఏమిటంట? ఇన్ని ఇళ్ళు తిరుగుతావు. ఒక్క ఫొటోలో మనిషి లేడు. అందరూ ఇళ్ళు వదిలేసి పారిపోయారా?"

"మనుషుల్ని అడగాలంటే మొహమాటం పిన్నీ."

"మిషను పొట్ట విప్పడానికి లేని మొహమాటం మనిషిని అడగడానికొచ్చిందా? అదే నీ పెద్ద వంక. మిగతావి పిల్ల వంకలు, వాటంతటవే పోతాయి."

మెట్లు దిగుతుంటే మెకానిక్‌కి ఎందుకో ఈల వెయ్యాలనిపించింది. ఇన్ని తిట్లు తిని ఇంత హాయిగా ఉండటం అతనికే వింతగా తోచింది. ఒక మనిషి తన ఫొటోలు నిజంగా చూసింది మరి.

మర్నాటి నుంచి మనుషుల వెంట పడ్డాడు. మందుల షాపాయన్ను అడిగితే, పాపం కాదనలేక గోడకి వీపు ఆనించి ఊపిరి బిగబట్టాడు. టైలరు కత్తెర ఎత్తి పట్టుకుని, ఎవర్నో పొడవబోతున్నట్టు నిలబడ్డాడు. ఒకావిడ "ఒక్క నిమిషం" అని లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, పౌడరు రాసుకుని వచ్చేసరికి ఎండ పోయింది. మెకానిక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

పిన్ని ఆ కట్ట మొత్తం చూసి, "వీళ్ళంతా ఏం నేరం చేశార్రా?" అంది.

"నవ్వమన్నాను పిన్నీ. నవ్వలేదు."

"నవ్వమంటే నవ్వేవాళ్ళుంటార్రా ఎక్కడైనా? నిన్ను చూసి ఊపిరి బిగబట్టారు. వదిలేదాకా ఆగలేకపోయావా?"

ఆ మాట అతని బుర్రలో తిరుగుతుండగానే, ఆ వారంలో ఒక ఇంటి నుంచి ఫోనొచ్చింది. "మా మిషను నడుస్తోంది" అంది ఆ ఇంటి కోడలు.

"నడిస్తే మంచిదేగదమ్మా."

"పని చెయ్యడం కాదండీ. కాళ్ళొచ్చినట్టు నడుస్తోంది. నిన్న స్నానాల గది గుమ్మం దాకా వచ్చింది."

అతను వెళ్ళేసరికి మెట్ల దగ్గరికే దబదబమని మోత వినబడింది. తలుపు తెరిచే ఉంది. లోపల చూద్దుడు గదా, గడగడలాడుతున్న మిషను మీద ఆ ఇంటి మామ్మగారు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. కోడలు ఊడిపోబోతున్న నీళ్ళ పైపును రెండు చేతులా పట్టుకుని ఉంది. అది ఆ ఇంట్లో మిషను నడవకుండా కనిపెట్టిన ఉపాయం. బట్టలు పిండే సమయం రాగానే స్టూలు వేసి మామ్మగారిని ఎక్కిస్తారు. ఆవిడ బరువుకి మిషను ఉన్నచోటే ఉండి గంతులేస్తుంది.

"వచ్చావా నా-నా-నాయనా!" అంది మామ్మగారు. మిషనుతోపాటు ఆవిడ మాట కూడా వణుకుతోంది. తన మాట తనకే వింతగా వినబడి ఆవిడకు నవ్వొచ్చింది. కట్టుడు పళ్ళు ఎక్కడ జారిపోతాయోనని ముందే తీసి పక్కన గ్లాసులో పెట్టుకుంది. బోసినోరు తెరిచి, ముడి ఊడిన జుట్టు మొహం మీద పడుతుంటే, ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని కోడలికీ నవ్వొచ్చింది. కోడలి చేతిలోంచి పైపు జారి నీళ్ళు చిమ్మాయి.

మెకానిక్ చెయ్యి సంచిలో స్పానరు కోసం వెళ్ళి కెమెరాతో బయటికొచ్చింది.

"మామ్మగారూ, ఒక ఫొటో తీసుకోనా?"

"తీ-తీ-తీ-తీసుకో!"

తీశాడు. ఆ తర్వాత మిషను ఆపి, మామ్మగారిని దించి, "ఇంకెప్పుడూ దీని మీద ఎక్కకండి, పడితే నడుం విరుగుతుంది" అని గట్టిగా చెప్పి, పని మొదలుపెట్టాడు. కింద ఒక కాలు మర ఊడి పైకి పోయింది. దాన్ని సరిచేసి, నాలుగు కాళ్ళూ సమంగా ఆనేలా బిగించి, మళ్ళీ తిప్పితే మిషను బుద్ధిమంతురాలిలా నిలబడింది. వెళ్ళబోతుంటే మామ్మగారు గుమ్మం దాకా వచ్చింది. అప్పటికి పళ్ళు పెట్టుకుంది.

"ఆ ఫొటో ముందు నాకు చూపించాలి. నాకు నచ్చకపోతే చింపెయ్యాలి."

"అలాగే మామ్మగారూ."

మాటైతే ఇచ్చాడు గానీ, ప్రింటు చేతికి రాగానే అతని కాళ్ళు పిన్ని ఇంటికే దారి తీశాయి.

పిన్ని ఫొటోని కిటికీ దగ్గర పట్టుకుని, ఎప్పట్లాగే కింది నుంచి పైకి చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాడు మెకానిక్. దగ్గు కాదు. వంకల పిన్ని నవ్వుతోంది. కళ్ళజోడు తీసి, కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ ఫొటో చూసి మళ్ళీ నవ్వింది.

"ఒరేయ్," అంది ఊపిరి తీసుకుని, "బకెట్టు సగానికి తెగింది. వెనక తలుపు ఒరిగింది. కింద మూల నీ చెప్పు పడింది. మూడు వంకలు." ఫొటో అతని చేతిలో పెట్టింది. "ఇది ఫొటో. ఇన్నాళ్ళూ తీసినవి గోడలు."

మెకానిక్ ఏనుగెక్కినంత సంబరంతో మామ్మగారింటికి వెళ్ళాడు. మామ్మగారు ఫొటో చూసింది. మొహం ముడుచుకుంది.

"ఇది నేనా? పళ్ళు లేవు, జడ లేదు. గేదె మీద ఊరేగుతున్నట్టున్నాను. చింపెయ్ నాయనా."

"మీరు తీసుకోమన్నారు గదండీ..."

"నేనన్లేదు. ఆ మిషను అనిపించింది."

మాటంటే మాటే. మెకానిక్ ఫొటో రెండు చేతులా పట్టుకున్నాడు. చేతులు రాలేదు. "రేపటిదాకా ఉంచుకోనివ్వండి మామ్మగారూ, రేపు మీ ముందే చింపేస్తాను" అని, వాడిన మొహంతో పిన్ని దగ్గరికి తిరిగొచ్చి జరిగింది చెప్పాడు.

ఈమధ్య ఇల్లు కదలడమంటే గిట్టని పిన్ని, లేచి చెప్పులు వేసుకుంది. "పద."

"పోట్లాడతావా పిన్నీ?"

"ఆవిడ మొహం, ఆవిడిష్టం. పోట్లాడటానికి నేనెవర్ని? ఆ నవ్విన మనిషిని ఒకసారి చూడాలి."

మామ్మగారు వాళ్ళను కూర్చోబెట్టింది. పిన్ని గదంతా ఒకసారి కలయజూసింది. గడియారం పక్కకి ఒరిగి ఉందని మెకానిక్ అప్పుడే గమనించి, పిన్ని ఎక్కడ అనేస్తుందోనని హడలిపోయాడు. ఆవిడ ఆ జోలికి పోలేదు. మెకానిక్ చేతిలోని ఫొటో తీసుకుని బల్ల మీద పెట్టింది.

"వీడు మా అక్క కొడుకండీ. నేను బట్టల్లో తప్పులు పట్టే పని చేశాను. ఈ ఫొటోలో మూడున్నాయి. బకెట్టు, తలుపు, వీడి చెప్పు. మూడూ వీడివే. మీ దగ్గర నాకొక్కటీ దొరకలేదు."

"అంటే నాకంటే ముందు మీకు చూపించాడన్నమాట!" మామ్మగారు మెకానిక్ వైపు తిరిగింది. అతను నేల చూపులు చూశాడు.

"తప్పేనండీ" అంది పిన్ని. "చెవి మెలెయ్యండి, నేను అడ్డు రాను."

మామ్మగారు చెవి మెలెయ్యలేదు గానీ ఫొటో దగ్గరికి లాక్కుంది. "పళ్ళ సంగతేమిటి మరి?"

"పళ్ళుంటే అంత నవ్వు పట్టేది కాదు ఆ నోట్లో."

లోపల్నించి కోడలు కాఫీలు పట్టుకొచ్చి, అత్తగారి భుజం మీదుగా ఫొటో చూసి, "అయ్యో అత్తయ్యా, ఇది చింపించేస్తారా! మీరిలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు" అంది.

"ఎందుకు చూడలేదే? పక్కనే ఉన్నావుగా."

"పైపు నీళ్ళు నా కళ్ళలో పడ్డాయిగా!"

మామ్మగారికి మళ్ళీ నవ్వొచ్చింది. నవ్వాపుకుంటూ ఫొటోని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసింది. తర్వాత పిన్ని వైపు చూసి, గెలిచినట్టు వేలు పెట్టి చూపించింది.

"మూడన్నారు. నాలుగోది వదిలేశారు. ఇదిగో, మా కోడలి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. అరచెయ్యేది?"

పిన్ని కళ్ళజోడు సర్దుకుని వంగింది. చాలాసేపు చూసింది. "నిజమేనండోయ్!" అంది. ఆవిడ చూడని తప్పు ఇంకొకరు పట్టడం మెకానిక్ ఎరిగినంతలో అదే మొదలు. ఆవిడకు కోపమొస్తుందనుకున్నాడు. ఆవిడ మామ్మగారికి దగ్గరగా కుర్చీ జరుపుకుంది.

ఫొటో చిరగలేదు. పళ్ళు పెట్టుకుని, జుట్టు దువ్వుకుని ఇంకోటి తీసివ్వాలని, ముందుగదిలో అదే ఉంటుందని, నవ్వు ఫొటో మాత్రం లోపల మిషను పైన గోడకి పెట్టుకుంటానని మామ్మగారు తీర్పు చెప్పింది. రెండోది అప్పటికప్పుడే తీశాడు మెకానిక్. ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది. అతను కెమెరా కంటి దగ్గరే పెట్టుకుని, పిన్నీ మామ్మగారూ మాటల్లో పడి అతన్ని మరిచిపోయేదాకా ఆగాడు.

ఆ తర్వాత ఆదివారం ఫొటోలు చూపించడానికి అతనికి మూడంతస్తులు ఎక్కే పని తప్పింది. పిన్ని అప్పటికే మామ్మగారింట్లో ఉంది. ఇద్దరూ బాల్కనీలో కూర్చుని, ప్రింట్లు ఒళ్ళో వేసుకుని, అతన్ని నిలబెట్టేశారు. కత్తెర పక్కన పెట్టి గుండీ కుట్టుకుంటున్న టైలరు ఫొటో వచ్చింది.

"బాగుంది" అంది మామ్మగారు.

"ఏం బాగుందండీ? సూది కనబడటం లేదు."

"సూది ఎందుకూ? ఆయన పెదవి కొరుక్కుంటున్నాడు చూడండి. ఆ పెదవిని చూస్తే సూది ఎక్కడుందో తెలియడం లేదూ?"

"తెలిస్తే చాలదు, కనబడాలి."

"పిన్నీ," అన్నాడు మెకానిక్.

"నువ్వాగరా. అలా అయితే మీరు ఆ దారమైనా..."

"మామ్మగారూ, నేను..."

"ఉండు నాయనా, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు."

అతను బాల్కనీలోంచి కిందికి చూశాడు. టైలరు షాపు ఆ సందులోనే ఉంది. ఎండ ఇంకా ఉంది. అతను కెమెరా భుజానికి తగిలించుకుని, చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగాడు.