అనంతయ్య పెట్టిన మూడు వంకలు

పటేలుగారి ఎడమ చెంప మీద ఇంకా పదకొండు స్ఫోటకం మచ్చలు మిగిలాయి. అనంతయ్య ఒక కన్ను మూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో వాటిని ఒక్కొక్కటే పూడుస్తున్నాడు. కిటికీకి ఎదురుగా ఏటవాలు బల్ల, బల్ల నడుమ పలకంత కంత, కంత మీద నెగటివు గాజు, కింద ఎండను పైకి తిప్పే చిన్న అద్దం. గాజులో పటేలు ముఖం నల్లగా, మీసాలు తెల్లగా ఉండి చూసేవాళ్లకు జడుపు పుట్టేలా ఉంది. మచ్చ ఉన్నచోట పెన్సిల్ ఆనిస్తే కాగితం మీదికి వచ్చేసరికి చర్మం నున్నగా వస్తుంది. మరీ నున్నగా చేస్తే ముసలి పటేలు పెళ్లికొడుకైపోతాడు, ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు. అందుకని అనంతయ్య ఎప్పుడూ ఒకటి రెండు మచ్చలు కావాలనే వదిలేసేవాడు.

వనపర్తిలో కోటకు పోయే దారిలో ఉన్న ఆ ఫోటో దుకాణంలో ఇరవై రెండేళ్లుగా అతనిదదే బల్ల, అదే కిటికీ. వయసు యాభై ఎనిమిది. వీపు బల్ల వాలుకు సరిపోయేటట్టు వంగిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ అంటిన పెన్సిల్ మసి పండుగనాడు కూడా వదలదు. కెమెరా ముందు నిలబెట్టి నవ్వించేది యజమాని, ఆ నవ్వు చెడితే బాగుచేసేది అనంతయ్య.

ఊరంతా అతన్ని వంకల అనంతయ్య అనేది. చందమామను చూపిస్తే ముందు మచ్చ చూస్తాడని వెక్కిరించేది. అందులో అబద్ధం లేదు గానీ అసలు సంగతి అతని భార్య నారాయణమ్మకే తెలుసు. కూర నోట్లో పెట్టుకుని, ‘జర ఉప్పు తక్కువైంది, పోపు ఇంకింత ఏగాలె’ అన్నాడంటే ఆ పూట వంట కుదిరినట్టు. ‘మంచిగుంది’ అన్నాడంటే మాత్రం ఆమె మారుమాట లేకుండా గిన్నె తీసుకుపోయి బర్రె కుడితిలో పోసేది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె ఆ మాట విన్నది నాలుగుసార్లే.

ఈ గుణం అతనికి తండ్రి నుంచి వచ్చింది. గద్వాలలో కుంపటి ముందు కూర్చుని నగలు చేసిన ఆ ముసలాయన, పనికి వచ్చే పనికే వంక చెప్పేవాడు. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని ఒక భయం, చెయ్యి అక్కడే ఆగిపోతుందని ఇంకో భయం. ఎంత దిద్దినా బాగుపడని పనికి మాత్రం ‘మంచిగుందిలే, పక్కకు పెట్టు’ అనేవాడు. ఆ కంసాలి వాడలో పుట్టిన పిల్లలందరికీ ఈ లెక్క ఉగ్గుపాలతోనే తెలుసు. పంతొమ్మిదో ఏట అనంతయ్య మెడలో వేసుకునే బంగారు గుండ్లపేరు ఒకటి చేసి తెచ్చి చూపించాడు. తండ్రి దాన్ని వెలుతురులో చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ‘మంచిగుందిరా’ అన్నాడు. అనంతయ్య ఆ పూటే తన పట్టకారు తమ్ముడికి ఇచ్చేశాడు. మళ్లీ బంగారం ముట్టలేదు.

జొన్న కోసిన చేలల్లో బసప్ప సర్కసు డేరా వేసి ఇరవై రోజులైంది. బసప్ప రాయచూరు వైపు మనిషి. తన ఏనుగూ, గుర్రాలూ, జోకరూ, ఊయలల మీద ఎగిరే పిల్లలూ అందరూ ఒకే ఫోటోలో కనబడాలనీ, దాన్ని రాయచూరులో అచ్చు వేయించి గోడలకు అంటించాలనీ అతనికి బుద్ధి పుట్టింది. ఏనుగూ ఊయలా కలిసి ఒక్క కెమెరాలో పట్టవు. యుద్ధం మొదలయ్యాక ఫోటో కాగితానికి కరువొచ్చి కొత్తగా తీయించేదీ లేదు. పాత ఫోటోల్లోంచి ఒక్కొక్క బొమ్మనూ కత్తిరించి, అట్ట మీద అతికించి, ఆ అట్టను మళ్లీ ఫోటో తీయాలి. ఆ పని ఇద్దరు మొదలుపెట్టారు. ఒకరు బసప్ప మేనల్లుడు. రెండోవాడు యోసేపు.

యోసేపు ఒకప్పుడు ఊయల మీద తలకిందులుగా వేలాడుతూ, ఎగిరివచ్చే వాళ్ల చేతులు అందుకునేవాడు. రెండేళ్ల కిందట తాడు తెగి పడి తుంటి విరిగింది. నడుము పైన చూస్తే పహిల్వాను, కింద చూస్తే ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి. గుర్రాలకు గడ్డి వేస్తూ కాలం వెళ్లదీస్తున్నాడు. ఎవరి బొమ్మ నెగ్గితే వాళ్లకే సర్కసులో బొమ్మల పని అని బసప్ప తేల్చి చెప్పాడు. మేనల్లుడు ఓడినా పోయేదేమీ లేదు, గేటు దగ్గర కుర్చీ ఎలాగూ అతనిదే. యోసేపు ఓడితే సర్కసు కృష్ణ దాటుతుంది, అతను ఇవతలే ఉండిపోతాడు. తొమ్మిదో ఏట డేరాలో చేరినవాడికి ఇంకో ఇల్లెక్కడిది? ఇటిక్యాలలో ఒక అక్క ఉంది. కౌలు చేను మీద బతికే ఆ అక్కాబావలకు, వంగి కలుపు తీయలేని తమ్ముడు బరువే.

వారం కింద అతను మొదటి అట్ట తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు అనంతయ్య పదిహేను వంకలు పెట్టాడు.

“ముందు నీ కన్ను యాడ పడ్డది?”

“ఏనుగు మీద, పెద్దయ్యా.”

“పడనియ్. ఆడికెల్లి యాడికి పోవాలె? కంటికి తొవ్వ ఇయ్యకపోతివి. ఏనుగుకు ఎండ ఎడమకెల్లి వస్తుంది, గుర్రానికి కుడికెల్లి. ఒక్క డేరాల ఇద్దరు సూర్యులా?”

మర్నాడు యోసేపు ఎడమ ఎండ పడిన ఇంకో గుర్రాన్ని వెతికి అతికించి తెచ్చాడు. ఆ రోజు అంచుల సంగతి వచ్చింది.

“కత్తెరతోని కోసి గట్లనే అంటిస్తె కాగితం మందం ఫోటోల గీత లెక్క పడతది. ఎనకకెల్లి గరుకు కాగితంతోని రుద్దు. ఉల్లిపొర లెక్క కావాలె అంచు.”

మూడో రోజు యోసేపు ఉండబట్టలేక అడిగేశాడు. “పెద్దయ్యా, సావుకారి మేనల్లుని బొమ్మ చూసి మంచిగుంది అన్నవంట. నాదానికేమో వద్దన్నా వంకలు పెడుతుంటివి.”

“దానికి పెడితే ఎన్నని పెట్టను?” అన్నాడు అనంతయ్య, గాజు మీంచి తల ఎత్తకుండానే.

యోసేపు కాసేపు ఆలోచించి, వీధిలో జట్కా గుర్రాలు బెదిరేటంత గట్టిగా నవ్వాడు. ఆనాటి నుంచి వంకలు తక్కువైతే అతనికే దిగులు.

ఇవాళ సర్కసు కదులుతుంది. పొద్దున్నే యోసేపు అట్ట తెచ్చి ఇచ్చి, గుర్రాలు విప్పే పనుందని వెళ్లిపోయాడు. పటేలు చెంప పక్కకు పెట్టి అనంతయ్య దాన్ని కిటికీ దగ్గర నిలబెట్టాడు. ఎడమవైపు ఏనుగు, దాని తొండం వంపు పట్టుకుని పోతే వరసగా గుర్రాలు, గుర్రాల చివర తాళ్ల నిచ్చెన, నిచ్చెన వెంట పైకి పోతే గాలిలో చేతులు చాచిన పిల్ల. అవతలి ఊయల మీద తలకిందులుగా వేలాడుతూ, తుంటి విరగకముందటి యోసేపు. ఇద్దరి చేతులూ ఇంకా కలవలేదు, నడుమ గోరంత సందు. అది చూసి అనంతయ్య కంటికి నీళ్లొచ్చాయి. పెన్సిల్ పనివాళ్ల కళ్లకు నీళ్లు మామూలేనని పంచె కొంగుతో తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం నారాయణమ్మ జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది.

“పప్పు ఇంకొక్క ఉడుకు ఉడకాలె,” అన్నాడు.

ఆమె సంబరంగా ఇంకో గరిటె వేసింది. “ఆ సర్కసాయన బొమ్మ ఎట్లొచ్చింది?”

“ఇంక మూడున్నయి.”

“మూడేనా!” అని నారాయణమ్మ చెయ్యి నోటికి పెట్టుకుంది. “పదిహేనుకెల్లి మూడుకు దిగిందంటె మాటలా?”

అనంతయ్య నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

పొద్దు వాలుతుండగా బసప్ప దుకాణంలోకి వచ్చాడు. చంకలో మేనల్లుడి అట్ట. వెనకే గడప దగ్గర యోసేపు నిలబడ్డాడు. బసప్ప రెండు అట్టలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

“ఆచారీ, ఇరవై ఏండ్లు ఫోటోలల్ల మునిగిన కన్ను నీది. నువ్వేదంటే అదే. బండ్లు కడుతున్నరు, జల్ది చెప్పు.”

మేనల్లుడి అట్టలో పులి ఏనుగంత ఉంది. ఒకే జోకరు మూడు చోట్ల ఉన్నాడు. ఊయల పిల్ల గుర్రం నెత్తి మీద పడబోతున్నట్టుంది. అనంతయ్య దాన్ని ఒక్క చూపు చూసి, “మంచిగుంది,” అని పక్కకు జరిపాడు.

రెండోదాన్ని రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు. ముక్కు ఆనేటంతగా వంగి, ఆ మూల నుంచి ఈ మూలకు చూశాడు. బిడ్డ తల దువ్వినట్టు మాట్లాడాడు.

“ఏనుగు ఎనక కాలు కింద నీడ జర పల్చగుంది. నిచ్చెన మూడో మెట్టు కాడ అంచు లేచింది. జోకరును గోరంత కిందికి దించితె కన్ను పైకి ఇంకింత జల్ది పోతది.” చివరి మాట దగ్గర గొంతు వణికింది.

బసప్ప ఆ వణుకును జాలి అనుకున్నాడు. “హౌదు, హౌదు. దానికి ఒక్క వంక లేదు, దీనికి మూడు. తేలిపాయె,” అని మేనల్లుడి అట్టను చంకలో పెట్టుకున్నాడు.

గడప దగ్గర యోసేపు అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు. మూడేనని విని వచ్చిన నవ్వది. బసప్ప చంకలో ఏ అట్ట ఉందో చూశాక కూడా అది వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు ముఖం మీదే కాసేపు ఉండిపోయింది.

“అది కాదు సావుకారూ…” అన్నాడు అనంతయ్య.

“ఏంది?”

చెప్పవలసింది ఒక్క మాట. యోసేపుదే మంచిగుంది అనాలి. మాట నాలుక దాకా వచ్చింది. కానీ ఆ నోట ఆ మాట ఇన్నేళ్లూ చెడిపోయిన పనికే వచ్చింది. ఆ బొమ్మను చేతుల్లో పట్టుకుని, దాన్ని చేసిన మనిషి ఎదురుగా ఉండగా, అనడానికి నోరు రాలేదు. తండ్రి ఎదుట గుండ్లపేరు పట్టుకుని నిలబడ్డ పంతొమ్మిదేళ్లవాడు గొంతుకు అడ్డంపడ్డాడు.

“ఏం లేదు. ఇంకొకసారి రెండు చూడుండ్రి,” అన్నాడు.

“చూస్తిమి గద ఆచారీ,” అని బసప్ప నవ్వి వెళ్లిపోయాడు.

యోసేపు లోపలికి వచ్చి తన అట్ట తీసుకున్నాడు. “మూడే గద పెద్దయ్యా?”

“మూడే.”

“దిద్దుత. ఇప్పుడే దిద్ది మల్ల చూపిస్త సావుకారికి,” అని కాలు ఈడ్చుకుంటూ వెళ్లాడు.

అనంతయ్య పటేలు చెంప ముందుకు లాక్కున్నాడు. ఎన్ని మచ్చలు పూడ్చాడో, ఎన్ని వదలాలో చూసుకోలేదు. కాసేపటికి తల ఎత్తేసరికి పటేలు చెంప మీద ఒక్క మచ్చా లేదు. పెన్సిల్ పడేసి, దుకాణం తలుపులు తెరిచి ఉండగానే చెప్పులేసుకుని బయలుదేరాడు.

చేలల్లో డేరా లేదు. తొక్కి గట్టిపడ్డ గుండ్రటి నేల ఒక్కటే ఉంది. బండ్లు అప్పటికే దారెక్కాయి. ముందు బండిలో కూర్చున్న బసప్ప దగ్గరికి అనంతయ్య రొప్పుతూ పరుగెత్తాడు.

“యోసేపు బొమ్మ మంచిగుంది సావుకారూ. శాన మంచిగుంది. నా జన్మల గసుంటిది చూడలే.”

బసప్ప వంగి అతని భుజం మీద చెయ్యి వేశాడు. “నీ మనసు మంచిది ఆచారీ. కాలు ఇరిగినోడని నాకు మాత్రం బాధ లేదా? కానీ ఇందాక నీ నోటితోనే మూడు వంకలు పెడితివి. ఇప్పుడు మంచిగుందంటివి. ఏది నమ్మాలె?”

“వంక పెట్టిన అంటే… మా నాయిన…” అని మొదలుపెట్టాడు అనంతయ్య. కదులుతున్న బండి పక్కన నడుస్తూ ఒక మనిషి తన పుట్టుపూర్వోత్తరాలు ఎంతని చెప్పగలడు? ఎద్దులు అడుగు సాగించాయి. తండ్రి మాటకు తాను బంగారం వదులుకున్నాడు, అది తన పనితనం లెక్క. యోసేపుకు జరిగింది అది కాదు. అతని చేతిలో లోపం లేదు, తన నోటిలో ఉంది. ఒక్కమాట, ఒక్కపూట ముందు అని ఉంటే ఆ మనిషి ఇప్పుడు ఈ బండ్లలో ఏదో ఒకదాని మీద కూర్చుని ఉండేవాడు. ఏడుపొచ్చింది అనంతయ్యకు. దుమ్ములో నిలబడి ఏడ్చాడు.

వెనక్కి చేలల్లోకి వస్తే, గుర్రాలు కట్టిన చోట వంటమనిషి జములమ్మ ఆఖరి బండికి గిన్నెలు ఎక్కిస్తోంది.

“యోసేపు యాడున్నడమ్మా?”

“పోయిండు గద. ఇటిక్యాల దిక్కు పోయే పల్లికాయ బండి దొరికితే ఎక్కిండు. నా కాడ పిడికెడు పిండి అడుక్కొని జిగురు వండిండు పాపం. తప్పులు దిద్ది మల్లొక్కసారి చూపిస్త అంటె, బండ్లు ఆగవు అన్నడు సావుకారు. బొమ్మ సంకల పెట్టుకొని గట్లనే పోయిండు.”

“నా మీద ఏమన్న అన్నడా?”

“నీ మీద ఏమంటడు? పెద్దయ్య మూడే పెట్టిండు అని నాకు రెండుసార్లు చెప్పిండు,” అంది జములమ్మ. గిన్నెలు సర్దుకుని బండెక్కింది. బండి కదిలింది.

మూడు రాళ్ల పొయ్యి పక్కన ఒక చిన్న రేకు డబ్బా మిగిలిపోయింది. తెట్టె కట్టకుండా దాని మీద మోదుగాకు తడిపి కప్పి ఉంది. అనంతయ్య కూర్చుని ఆకు తీశాడు. డబ్బాలో జిగురు ఇంకా వెచ్చగా ఉంది.